ఒక పందెపు కారు కథ

యంత్రములకు ప్రాణము లేదు. అయినను కొన్ని యంత్రములకు చరిత్ర కలదు. ఊరికి మొదట వచ్చిన బస్సును గూర్చియు, బడిలోని పాత గంటను గూర్చియు పెద్దలు కథలు చెప్పుచుందురు. తరచి చూచినచో ఆ కథలు ఇనుమును గూర్చినవి కావు; దానిని చేసినవారిని, కాపాడినవారిని, నడిపినవారిని గూర్చినవి. ఇరువదవ శతాబ్దమున ఐరోపాలో ఖ్యాతి గడించిన ఒక పందెపు కారు కథయు అట్టిదే. దాని జాతి పేరు ఫోర్డు జి.టి. 40. ఆ జాతిలో ఒక కారు చట్రమునకు పి 1075 అని సంఖ్య వేసిరి. మిక్కిలి కఠినమని లోకము చెప్పుకొను మోటారు పందెమును ఆ ఒక్క కారే వరుసగా రెండేండ్లు గెలిచినది. మొదటి గెలుపు గొప్పది, రెండవది ఆలోచింపదగినది.

ఫ్రాన్సు దేశమున లె మాన్ అను పట్టణము కలదు. దానికి చేరువనున్న బాటమీద 1923వ సంవత్సరమునుండి ఒక మోటారు పందెము జరుగుచున్నది. యుద్ధము మున్నగు కారణములచే కొన్ని యేండ్లు ఆగినను ఆ సంప్రదాయము నేటికిని నిలిచియున్నది. సామాన్యముగా పందెమనగా, ఒక దూరమును నిర్ణయించి దానిని ముందుగా చేరినవారెవరో చూతురు. ఇచ్చట అట్లు కాదు. ఇచ్చట నిర్ణయింపబడునది కాలము. ఇరువదినాలుగు గంటలపాటు, పగలనక రాత్రియనక, ఎండలోను వానలోను ఆ బాటచుట్టు తిరిగి, గడువు ముగియులోపల ఎక్కువ దూరము పోయిన కారే గెలిచినట్లు లెక్క. ఈ కథ జరిగిన కాలమున ఒక్కొక్క కారునకు ఇద్దరేసి చోదకులు ఉండెడివారు. ఒకరు నడపుచుండగా మరియొకరు విశ్రమించెడివారు. కారునకు మాత్రము విశ్రాంతి లేదు. పెట్రోలు పోయుటకును, టైర్లు మార్చుటకును ఆగిన కొలది నిమిషములే దానికి విరామము. కావున ఈ పందెమున వేగమొక్కటే చాలదు. వేగమును దాచుకొని వాడుకొను నేర్పును, చెడక నిలుచు గట్టితనమును కావలయును.

అంగడిలో అమ్ముటకు గాక, పందెమునకే ప్రత్యేకముగా కొలదిగా నిర్మించు కార్లను నమూనా కార్లు, అనగా ప్రోటోటైపులు అందురు. జి.టి. 40 మొదట 1964లో అట్టి నమూనాగానే పుట్టినది. పిదప అటువంటి కార్లు ఏబదికి తక్కువ గాకుండ నిర్మింపబడుటచే దానిని స్పోర్ట్సు కార్ల తరగతిలో చేర్చిరి. దాని ఎత్తు సుమారు 40 అంగుళములు. ఎనిమిదవ తరగతి బాలుడు ప్రక్కన నిలిచినచో దాని కప్పు వాని నడుమునకు కొంచెము పైగా మాత్రమే వచ్చును. పేరులోని 40 అను సంఖ్యకు ఆ ఎత్తే కారణము.

ఈ కారు పుట్టుటకు మూలము ఒక క్రయవిక్రయము; అదియు కుదరక చెడిపోయిన క్రయవిక్రయము. ఆ దినములలో లె మాన్ పందెమున ఇటలీ దేశపు ఫెరారీ కార్లకు తిరుగులేకుండెను. 1960 మొదలు 1965 వరకు ఆరేండ్లును అవియే గెలిచినవి. అమెరికాలోని ఫోర్డు కంపెనీ అధిపతియగు రెండవ హెన్రీ ఫోర్డు 1963లో ఫెరారీ సంస్థనే కొనుటకు పూనుకొనెను. బేరము చాల దూరము సాగినది. కాని పందెముల విభాగముపై తుది మాట ఎవరిదన్న ప్రశ్న రాగా, ఎంజో ఫెరారీ ఆ అధికారమును వదలుకొనుటకు అంగీకరింపలేదు. కర్మాగారమును అమ్మవచ్చును గాని తన పందెములను పరుల చేతిలో పెట్టజాలనని ఆయన పట్టుదల. బేరము విడిపోయెను. కొనలేని దానిని ఓడించి తీరవలెనని ఫోర్డు కంపెనీ నిశ్చయించుకొనెను.

ధనమున్నంత మాత్రమున విజయము వెంటనే లభింపదు. ఇంగ్లండులోని స్లౌ అను ఊర ఒక కర్మాగారమును నెలకొల్పి, ఆస్టన్ మార్టిన్ సంస్థలో పేరు గడించిన జాన్ వయర్ అను అనుభవజ్ఞునికి ఆ పని అప్పగించిరి. 1964లో లె మాన్ పందెమునకు మూడు జి.టి. 40 కార్లు వచ్చినవి. మూడును మధ్యలోనే ఆగిపోయినవి. 1965లోను ఫోర్డు కార్లలో ఒక్కటియు తుదివరకు నిలువలేదు. అవి వేగమున తక్కువైనవి కావు. ఓర్పున తక్కువైనవి. 1966లో ఏడు లీటర్ల పెద్ద ఇంజనులతో వచ్చిన ఫోర్డు కార్లు మొదటి మూడు స్థానములను గెలుచుకొన్నవి. 1967లోను ఫోర్డుదే గెలుపు. అంతటితో ఆ కంపెనీ పంతము చెల్లినది. పైగా, మరుసటి యేటినుండి నమూనా కార్ల ఇంజను 3 లీటర్లకు మించరాదనియు, కనీసము 50 కార్లు నిర్మింపబడిన స్పోర్ట్సు కార్లకు మాత్రము 5 లీటర్ల వరకు అనుమతి కలదనియు క్రొత్త నిబంధన వచ్చెను. ఏడు లీటర్ల యుగము ముగిసెను. ఫోర్డు కంపెనీ లె మాన్‌నుండి తప్పుకొనెను.

పెద్ద యజమాని విడిచిన పనిని చిన్న యజమానులు చేపట్టుట లోకమున అరుదు కాదు. జాన్ వయర్, ఆయన మిత్రుడగు జాన్ విల్మెంట్ కలిసి స్లౌ కర్మాగారమును తీసికొని తమ పేర్ల మొదటి అక్షరములతో జె.డబ్ల్యు. ఆటోమోటివ్ అను సంస్థను స్థాపించిరి. గల్ఫ్ అను చమురు కంపెనీ వారికి ద్రవ్యసహాయము చేసెను. లేత నీలిరంగు ఒడలు, నడుమ నారింజ రంగు చార గల వారి కార్లు నాటినుండి నేటివరకు పందెముల ప్రియులకు కన్నుల కట్టినట్లుండును. 1967లో వారు జి.టి. 40ని కొంత మార్చి మిరాజ్ అను కారును నిర్మించిరి. అందొకటి ఆ యేట బెల్జియములోని స్పా పందెమున వానలో గెలిచినది. దానిని నడిపినవారిలో ఒకడు జాకీ ఇక్స్ అను బెల్జియము యువకుడు. నిబంధనలు మారగా అదే మిరాజ్‌ను మరల జి.టి. 40గా మార్చి, పి 1074 అని క్రొత్త సంఖ్య ఇచ్చిరి. దానికి తోడుగా నిర్మింపబడినదే పి 1075. ఒకే కొట్టమున పెరిగిన జోడెడ్లవలె ఈ రెండు కార్లును ఒకే సంస్థకై పాటుపడినవి. కాని వాని అదృష్టములు వేరు వేరు.

1968లో పి 1075 ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్ పందెమును, అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్ పందెమును గెలిచినది. పి 1074 ఇటలీలోని మోంజా పందెమును గెలిచినది. ఆ సంవత్సరము మే నెలలో ఫ్రాన్సు దేశమంతట విద్యార్థుల ఆందోళనలు, కార్మికుల సమ్మెలు చెలరేగుటచే జూన్ నెలలో జరుగవలసిన లె మాన్ పందెము సెప్టెంబరు 28, 29 తేదీలకు వాయిదా పడినది. దానికి ముందే కెనడాలో మరియొక పందెమునకై సాధన చేయుచు ఇక్స్ కాలు విరుగగొట్టుకొనెను. అందుచే పి 1075ను మెక్సికో దేశీయుడగు పెడ్రో రోడ్రిగెజ్, బెల్జియము దేశీయుడగు లూసియన్ బియాంకి నడిపిరి. తోడి కారు పి 1074 ఇంజను చెడి మధ్యలోనే ఆగినది. పి 1075 మాత్రము 331 చుట్లు తిరిగి, రెండవ కారుకంటె ఐదు చుట్లు ముందుండి గెలిచినది. ఆ సంవత్సరపు ప్రపంచ విజేతల బిరుదమును ఆ గెలుపుతోనే ఫోర్డు కార్లకు లభించినది.

ఆ పందెముననే ఒక దుర్ఘటన జరిగినది. దానిని అర్థము చేసికొనుటకు పందెము ప్రారంభమగు తీరును తెలిసికొనవలయును. 1925నుండి లె మాన్‌లో ఒక వింత ఆచారముండెను. కార్లనన్నింటిని బాటకొక వైపున ఏటవాలుగా వరుసదీర్చి నిలుపుదురు. చోదకులు బాటకు రెండవ వైపున నిలుతురు. జెండా వాలగానే అందరును పరుగెత్తి, బాటను దాటి, తమ తమ కార్లలోనికి దుమికి, ఇంజను నడిపించి, ముందుకు దూకుదురు. చూచువారికి అది కన్నుల పండువు. మొదట ఆ ఆచారము పుట్టిననాడు కార్ల వేగము తక్కువ. సీటు బెల్టులు లేవు. కాలక్రమమున కార్ల వేగము గంటకు మూడువందల కిలోమీటర్లు దాటెను. చోదకుని సీటునకు బిగించి కాపాడు బెల్టులు వచ్చెను. వానిని చక్కగా బిగించుకొనుటకు కొంత సమయము పట్టును. పరుగెత్తి దుమికినవాడు ఆ సమయమును ఎచ్చటనుండి తెచ్చును? కొందరు బెల్టు బిగించుకొనకయే బయలుదేరి, తిన్నని బాటమీద వేగముగా పోవుచు ఒక చేతితో బిగించుకొన యత్నించెడివారు. ప్రమాదము కండ్లయెదుట నున్నను ఆచారము మారలేదు.

జి.టి. 40 తలుపు కప్పులో కొంత భాగమును కలుపుకొని తెరచుకొనును. 1968 పందెమున, వేరొక యజమానికి చెందిన జి.టి. 40 నడపుచున్న విలీ మెరెస్ అను బెల్జియము చోదకుడు తొందరలో తలుపును సరిగా మూయలేదు. మొదటి చుట్టులోనే, మహావేగమున పోవుచుండగా ఆ తలుపు తెరచుకొనెను. కారు అదుపు తప్పినది. ఆయన ప్రాణములతో బయటపడెను గాని మరల పందెములు నడుపు శక్తిని కోల్పోయెను. ఆయన జాకీ ఇక్స్‌కు స్వదేశీయుడు.

1969వ సంవత్సరము వచ్చినది. మార్చి నెలలో ఇక్స్, ఇంగ్లండు చోదకుడగు జాకీ ఆలివర్ కలిసి అమెరికాలోని సెబ్రింగ్ పందెమును పి 1075తో గెలిచిరి. అదే నెల తుదిలో, వెనుకటి యేడు ఈ కారుతో లె మాన్ గెలిచిన లూసియన్ బియాంకి అదే లె మాన్ బాటమీద వేరొక సంస్థ కారును పరీక్షించుచు ప్రమాదమున మరణించెను. విజయము పొందిన ఆరునెలలకే, విజయము పొందిన చోటనే మరణము! పందెపు బాట ఎవ్వరిని ప్రత్యేకముగా మన్నింపదు.

జూన్ 14వ తేదీన 45 కార్లు లె మాన్ బాటకు చేరినవి. మరునాడు ఫ్రాన్సులో దేశాధ్యక్షుని ఎన్నిక యుండుటచే, ప్రజలు ఓటు వేయుటకు వీలుగా పందెమును ప్రతియేటికంటె ముందుగా మధ్యాహ్నము 2 గంటలకే ఆరంభింప నిశ్చయించిరి. అచ్చట పి 1075ను చూచి గెలుచునని తలచినవారు తక్కువ. దాని రూపము పుట్టి ఐదేండ్లు దాటినది. దాని యెదుట జర్మనీ దేశపు పోర్షె సంస్థ సరిక్రొత్తగా నిర్మించిన 917 అను పండ్రెండు సిలిండర్ల కార్లు నిలిచియుండెను. వాని వేగమునకు ఈ పాత కారు సాటిరాదు. 908 అను తేలిక కార్లును ఆ సంస్థకు పెక్కు ఉండెను.

జెండా వాలినది. చోదకులందరును పరుగెత్తిరి. ఒక్కడు మాత్రము పరుగెత్తలేదు. ఇరువదినాలుగేండ్ల జాకీ ఇక్స్ బాటకడ్డముగా నెమ్మదిగా నడచి తన కారు చేరెను. ఇతర కార్లు గర్జించుచు కదలుచుండగా వానినుండి తప్పుకొనుచు, కారులో కూర్చుండి, తలుపు మూసి, బెల్టును నిదానముగా బిగించుకొనెను. అన్ని కార్లును వెడలిన పిదప, అందరికంటె కడపట ఆయన కారు కదలినది. ఆ నడక పరాకు వలన కలిగినది కాదు. అహంకారము వలనను కాదు. ప్రాణములతో చెలగాటమాడు ఆచారమునకు ఆయన వేలాదిమంది యెదుట తెలిపిన అసమ్మతి అది. ఆయన ఉపన్యాసము చేయలేదు, ఎవరిని నిందింపలేదు. పరుగెత్తవలసిన చోట నడచెను. అంతే.

ఆ అసమ్మతి ఎంత న్యాయమైనదో తెలియుటకు ఒక్క చుట్టు కూడ పట్టలేదు. పోర్షె 917 ఒకదానిని సొంతముగా కొని తెచ్చుకొన్న జాన్ వూల్ఫ్ అను ఆంగ్లేయుడు మొదటి చుట్టులోనే, మెసాన్ బ్లాంష్ అను మలుపుల కడ అదుపు తప్పి ప్రమాదమునకు గురియయ్యెను. తొందరలో ఆయన బెల్టు బిగించుకొనలేదని చెప్పుదురు. కారునుండి విసరివేయబడి ఆయన మరణించెను. వెనుక వచ్చుచున్న వారిలో ఇక్స్ కడపటివాడు. పొగయు మంటయు నిండిన ఆ చోటు దాటి ఆయనయు పోవలసివచ్చెను.

పందెము సాగినది. మొదటి గంటలలో పోర్షె కార్లదే పైచేయి. ఎల్‌ఫర్డ్, అట్‌వుడ్ అను చోదకుల 917 కారు రాత్రియంతయు ముందుండెను. పి 1075 తన శక్తికి మించి పోలేదు. వయర్ శిక్షణలో ఆ బృందము నేర్చిన పాఠమది: ఎన్ని నిమిషములకు ఒక చుట్టు తిరుగవలెనో ముందే లెక్క వేసికొని, ప్రక్కవాడెంత వేగముగా పోయినను ఆ లెక్క తప్పకుండుట. గేర్లను నెమ్మదిగా మార్చుట, బ్రేకులను పొదుపుగా వాడుట, ఆగిన ప్రతిసారియు పని చక్కగా ముగించి పంపుట. క్రొత్త కార్లు ఒకటొకటిగా చెడి ఆగుచుండగా పాత కారు ఒక్కొక్క మెట్టు ఎక్కుచు వచ్చెను. తెల్లవారినది. ఇంక మూడు గంటలు మిగిలియుండగా, ముందు పోవుచున్న 917 యంత్రభాగములు చెడి ఆగిపోయెను.

ఇప్పుడు ముందుండినవి రెండే కార్లు. ఒకటి ఇక్స్, ఆలివర్‌ల పి 1075. రెండవది హాన్స్ హెర్మన్, జెరార్ లరూస్ నడపుచున్న పోర్షె 908. తుది ఘట్టమున ఇక్స్ ఒక కారులో, నలువదియొక్క యేండ్ల హెర్మన్ మరియొక కారులో కూర్చుండిరి. ఒకడు యువకుడు, కారు పాతది. మరియొకడు పండిన అనుభవశాలి, కారు క్రొత్తది. పోర్షె బ్రేకులు అరిగిపోయియుండెను. వానిని మార్చుటకు ఆగినచో గెలుపు చేజారును. కావున హెర్మన్ అట్లే నడిపెను. ఒక చుట్టులో ఒకరు, మరు చుట్టులో మరియొకరు ముందగుచుండిరి. ఇరువదిమూడు గంటలు గడచిన పిదప ఇట్టి పోరు లె మాన్‌లో అపూర్వము.

ఆ కాలమున ఆ బాటలో సుమారు ఆరు కిలోమీటర్ల తిన్నని మార్గము ఉండెను. అచ్చట ముందు పోవు కారు గాలిని చీల్చుకొని పోవును. దాని వెన్నంటి పోవు కారునకు ఎదురుగాలి తక్కువ తగులును. అందుచే వెనుకనున్న కారు అదే శక్తితో ఎక్కువ వేగము పొంది, అదను చూచి ముందునకు దూకగలదు. కావున ఆ మార్గమున మొదట ముందుండుటకంటె వెనుకనుండుటయే మేలు. కడపటి చుట్టులో ఇక్స్ ఈ సూత్రమును వాడుకొనెను. తిన్నని మార్గమున వేగము తగ్గించి, హెర్మన్ ముందు పోవునట్లు చేసెను. వెంటనే ఆయన వెన్నంటి గాలిచాటున పోయి, మార్గము ముగియబోవుచుండగా ప్రక్కకు తప్పుకొని ముందునకు దూకెను. ఆ పిదప పోర్షె ఎంత యత్నించినను పాత కారు దారి ఇయ్యలేదు.

పి 1075 ముందుగా గీత దాటినది. అది 372 చుట్లలో పోయిన దూరము సుమారు 4,998 కిలోమీటర్లు. హైదరాబాదునుండి ఢిల్లీకి పోయి, తిరిగి వచ్చి, మరల ఢిల్లీకి పోయినను అంత దూరము కాదు. అంత దూరము పోయిన పిమ్మట రెండు కార్ల నడుమ మిగిలిన ఎడము సుమారు 120 మీటర్లు! నలువదివేల పాళ్ళలో ఒక పాలు కూడ లేదు. ఆ కారుల వేగమున అది రెండు మూడు సెకండ్ల ప్రయాణము. అందరికంటె కడపట బయలుదేరినవాడు అందరికంటె ముందు చేరెను. అంతకుముందు ఒకే కారు లె మాన్‌ను రెండుమారులు గెలుచుట ఒక్కసారి మాత్రమే జరిగినది. 1929, 1930 సంవత్సరములలో ఒక బెంట్లీ కారు అట్లు గెలిచినది.

ఇక్కడ బుద్ధిమంతుడగు పాఠకునకు ఒక సందేహము కలుగవచ్చును. గెలుపోటముల నడుమ ఎడము రెండు మూడు సెకండ్లు మాత్రమే; నడచుటచే ఇక్స్ పోగొట్టుకొన్నది అంతకు ఎక్కువ. గాలి ఏ మాత్రము అటుదిటైనను ఆయన ఓడెడివాడే కదా! అప్పుడు ఆ నడకను లోకము అవివేకమనెడిది కదా! నిజమే. బయలుదేరునాడు తాను గెలుతునని ఆయనకు తెలియదు. ఓడిపోవచ్చునని తెలిసియే నడచెను. అందుచే ఆ నడక విలువ ఆ గెలుపునుబట్టి ఏర్పడినది కాదు. 120 మీటర్లు వెనుకబడి ఓడినను ఆ పని మంచి పనియే అయియుండెడిది. గెలుపు చేసిన మేలు ఒక్కటే: ఆ పనిని ఎవ్వరును మరచిపోకుండ చేసినది. లె మాన్ అధికారులును మరువలేదు. మరుసటి యేడు, 1970లో, చోదకులు కార్లలో కూర్చుండి బెల్టులు బిగించుకొన్న పిదపనే పందెమును ఆరంభించిరి. 1971నుండి కార్లు వరుసగా కదలుచుండగనే ఆరంభించు పద్ధతి వచ్చెను. నలువదియేండ్లు మించిన పరుగు ఆచారము అట్లు అంతరించెను.

పందెము ముగిసిన మరునాడు, సోమవారమున, ఇక్స్ తన సొంత కారులో పారిసు నగరమునకు పోవుచుండగా షార్త్ర్ అను ఊరికి చేరువలో మరొక కారు అడ్డము వచ్చెను. ఆయన కారు ఒక స్తంభమునకు కొట్టుకొని నుగ్గయ్యెను. ఇక్స్ బెల్టు విప్పుకొని, గాయము లేకుండ బయటకు వచ్చెను. పందెపు బాటమీద ఆయన పాటించిన నియమము రెండవ నాడే సామాన్యమైన రహదారిమీద ఆయన ప్రాణమును కాపాడెను. ఆ పిదప ఆయన 1975, 1976, 1977, 1981, 1982 సంవత్సరములలోను లె మాన్‌ను గెలిచెను. ఓడిన హెర్మన్‌కును న్యాయము జరిగినది. ఆయన 1970లో పోర్షె సంస్థకు మొట్టమొదటి లె మాన్ విజయమును తెచ్చి, ఆ సంవత్సరమే పందెములనుండి విరమించెను.

పి 1075కు తోడైన పి 1074 కథ వేరొక త్రోవ పట్టినది. 1970లో లె మాన్ పందెమును గూర్చి అమెరికా నటుడు స్టీవ్ మెక్వీన్ ఒక చలనచిత్రము తీయించెను. వేగముగా పోవు కార్లను చిత్రించుటకు అంత వేగముగా పోగల కారు కావలయును. అందులకై పి 1074ను తీసికొని, కెమెరా నిలుపుటకు దాని కప్పును కోసివేసిరి. స్పాలోను, మోంజాలోను గెలిచిన కారు కప్పులేని కెమెరా బండి యయ్యెను. 1971లో ఆ చిత్రము వెలువడినది. ఆ పిదప కారు చేతులు మారుచు పోయెను. దాని చరిత్ర నెఱిగినవారు క్రొత్త కప్పు అమర్చి, పూర్వపు రూపమునకు తెచ్చిరి. 2012 ఆగస్టులో అమెరికాలోని మాంటెరీలో జరిగిన వేలమున అది ఒక కోటి పది లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. అంతవరకు అమెరికా కారు ఏదియు వేలములో అంత వెల పలుకలేదు. కొన్నవారు చెల్లించిన వెల ఇనుమునకు కాదు. అట్టి ఇనుమును కొలది వెలకే పోతపోయవచ్చును. వారు వెల చెల్లించినది చరిత్రకు.

స్వామిత్వమనునది విచిత్రమైనది. ఫెరారీని కొనబోయి ఫోర్డు కొనలేకపోయెను. ఆ కోపమున పుట్టిన కారును ఫోర్డు తానే విడిచిపెట్టెను. విడిచిన దానిని మరియొకరు ఆదరించి, అది పాతబడిన తరువాత రెండుమారులు ప్రపంచమును గెలిపించిరి. అదే 1969 జూన్ నెలలో ఎంజో ఫెరారీ తన సంస్థలో సగభాగమును ఇటలీలోని ఫియట్ కంపెనీకి అమ్మెను. పందెములపై అధికారమును మాత్రము తనయొద్దనే ఉంచుకొనెను. ఆరేండ్ల క్రిందట ఏ ఒక్క మాటకై ఆయన బేరము విడిచెనో ఆ మాటను నిలుపుకొనెను.

ఒక వస్తువునకు పత్రముమీద యజమాని యగుట సులభము. దాని శక్తిని, మితిని ఎఱిగి నడపుట కష్టము. జాన్ వూల్ఫ్ తన కారునకు పత్రము ప్రకారము సంపూర్ణముగా యజమాని. జాకీ ఇక్స్ తాను నడపిన కారునకు యజమాని కాడు. అయినను ఆ మధ్యాహ్నము రెండు గంటలకు, నలువదినలుగురు పరుగెత్తుచుండగా, తన కాళ్ళకు తానే యజమానియై నడచినవాడు ఆయన ఒక్కడే.